అన్నం తిన్నాక వేసుకోవలసిన మాత్ర

మా బాపు చివరి మూడేళ్లు ఇంకొకరి చేతి ముద్ద తిని బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు, సగం నోరు ఒక్క పూటలో పడిపోయాయి. అమ్మ అన్నం మెత్తగా పిసికి పెట్టేది. పెట్టినదాంట్లో సగం గడ్డం మీదుగా జారి చొక్కా మీద పడేది. అమ్మకు ఒంట్లో బాగా లేనప్పుడు వాడకట్టులో ఎవరో ఒకరు వచ్చి పెట్టేవాళ్లు. ఒకప్పుడు మా మగ్గాల మీద నేసినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ముద్ద నోటి దగ్గరికి రాగానే బాపు కళ్లు మూసుకునేవాడు. పెడుతున్నది ఎవరో చూడకుండా ఉండటానికి.

అందుకే, యాభై దాటిన వయసులో సూరత్‌లో ఒక డాక్టరు నా గుండె చప్పుడు విని, అది లయ తప్పుతోందనీ, గుండె గదిలో రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చనీ, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతమనీ చెప్పినప్పుడు నేను చావు గురించి అడగలేదు. "చెయ్యి పడిపోతుందా?" అని అడిగాను. పడిపోకుండా ఉండాలంటే రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర రోజూ వేసుకోవాలన్నాడు. దాని పేరు వార్‌ఫరిన్. ఐదేళ్ల పాటు ఒక్క రోజు తప్పకుండా వేసుకున్నాను.

మా తాత కింద అరవై చేతిమగ్గాలు నడిచేవి. నూలు మాది, బట్ట మాది, నేత వాళ్లది. ఊళ్లో మాది సావుకారి ఇల్లు. మార్కండేయుని పండుగ నాడు మా అరుగు మీద నేతవాళ్లందరికీ విస్తళ్లు పరిచేవాళ్లు. వాళ్లు తిని లేచాకే మా ఇంట్లో మగవాళ్లు కూర్చునేవారు. మా ఇంటి మనిషి మాత్రం ఎవరి ఇంట్లోనూ విస్తరి ముందు కూర్చోకూడదు. ఇది తాత పెట్టిన నియమం. ఇంకో నియమం కూడా ఉండేది: ఎవరి గిన్నె మా ఇంటికి వచ్చినా అది ఖాళీగా మా గడప దాటకూడదు. చక్కెరో, బెల్లమో, పిడికెడు బియ్యమో వేసి తిరిగి ఇవ్వాలి.

తరవాత మరమగ్గాలు వచ్చాయి. బాపు చేతిమగ్గాలను ఒక్కొక్కటిగా విరిచి పొయ్యిలోకి అమ్మాడు. మంచి టేకు కర్ర, బాగా మండిందని కొన్నవాళ్లు చెప్పారు. ఇల్లు చేతులు మారింది. నేను సూరత్ రైలెక్కాను. కడోదరాలో రంగులు వేసే ఒక మిల్లులో మడత విభాగం నాకు అప్పగించారు. బట్ట కొలిచి మడతపెట్టేవాళ్ల మీద పెత్తనం. ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల బట్ట మడతలు సరిచూశాను. నివాసం నవాగామ్‌లో. ఒకే వరసలో ఎనిమిది గదులు, ముందు ఒక సన్నని వసారా. ఆ ఎనిమిది గదుల్లో ఆరు మా జిల్లావాళ్లవే.

మా పక్క గదిలో ఒక మరమగ్గం కార్మికుడు, అతని భార్య ఉండేవారు. అతని తాత మా తాత కింద నేశాడు. ఆ సంగతి అతను మొదటి రోజే చెప్పాడు, నేను అడగకుండానే. అప్పటి నుంచి ఆ వరసంతా నన్ను "సావుకారీ" అనే పిలిచేది. నేను సరిదిద్దలేదు. పిలుపు ఒక్కటే మిగిలిన ఆస్తి, దాన్నెందుకు వదులుకోవాలి?

నియమం మాత్రం తప్పలేదు. ఏ ఇంట్లో పెళ్లయినా, బిడ్డ పుట్టినా, పండుగైనా, పిలిచినచోటికి వెళ్లేవాణ్ణి, కూర్చునేవాణ్ణి, తినేవాణ్ణి కాదు. "నాకు ఇవాళ ఒక్కపొద్దు" అనేవాణ్ణి. ఒక్క పూటే తిని దేవుడికి ఉండే ఉపవాసమంటే మావాళ్లు గౌరవిస్తారు, తినమని బలవంతం చేయరు. అలా నవాగామ్‌లో నాకు మహా భక్తుడినన్న పేరు వచ్చింది. దేవుడికీ నాకూ మధ్య అంత పరిచయం లేదని నా భార్యకు ఒక్కదానికే తెలుసు.

వార్‌ఫరిన్ వచ్చాక ఇంకో సాకు దొరికింది. ఆ మాత్ర రాసినాయన హిందీలో, ఆకుకూరల విషయంలో జాగ్రత్త అన్నాడు. వాటిలోని ఒక విటమిన్ ఆ మాత్ర పనికి అడ్డుపడుతుందట. మా ఇంట్లో జాగ్రత్త అంటే మానేయడమే. పాలకూర మానేశాను, మెంతికూర మానేశాను. పుంటికూర మానేశాను. మీలో గోంగూర అనేవాళ్లకు అదే ఇది. నాకు ప్రాణం అది. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి వేసి మెదిపిన పుంటికూర లేని అన్నం నాకు సగం అన్నమే. ఐదేళ్లు సగం అన్నమే తిన్నాను. నెలకోసారి వెళ్లి రక్తం ఇచ్చేవాణ్ణి. కాగితంలో ఒక అంకె వచ్చేది. అది రెండుకూ మూడుకూ మధ్య ఉంటే సరి. నాది ఎప్పుడూ ఉండేది. ఆ కాగితాలు వరసగా ఒక ఫైలులో పెట్టుకున్నాను. ఈ బతుకులో నేను తప్పకుండా నిలబెట్టుకున్న హద్దు అదొక్కటే.

కరోనా వచ్చినప్పుడు నా భార్య ఊళ్లో ఉంది. చెల్లెలి బిడ్డ పెళ్లికని వెళ్లి పది రోజులైంది, రైళ్లు ఆగిపోయాయి. మిల్లు మూశారు. పక్కింటాయన పనిచేసే ఖాతా, అంటే మగ్గాల షెడ్డు, అదీ మూశారు. పగలంతా మగ్గాల చప్పుడుతో దద్దరిల్లే మా సందులో మొదటిసారి ఎవరి గదిలో ఎవరు దగ్గుతున్నారో వినబడింది. ఒక సాయంత్రం అందరూ గుమ్మాల్లో నిలబడి పళ్లాలు మోగించారు. నేను మోగించలేదు. ఖాళీ పళ్లెం బయట చూపించడం మా ఇంట్లో లేదు.

నేను రక్తం ఇచ్చే ల్యాబు కూడా మూతపడింది. నెల పరీక్ష తప్పింది. అంకె తెలియకుండా ఆ మాత్ర వేసుకోవడం నాకు కళ్లకు గంతలు కట్టుకుని నడిచినట్టుగా ఉంది. మాత్ర రాసిన పెద్దాయన రెండేళ్ల కిందటే వైద్యం మానుకున్నాడు. ఆయన స్థానంలో ఒక తెలుగమ్మాయి కూర్చుంది, కోస్తా వైపు మనిషి. ఫోన్ చేశాను.

"పరీక్ష లేకుండా పాత మాత్ర వద్దు అంకుల్," అంది. ఆమె నన్ను అంకుల్ అన్నప్పుడల్లా నా వెన్ను ఇంకొంచెం బిగుసుకునేది. "కొత్త మాత్రకి మారుద్దాం. దానికి నెల నెలా పరీక్ష అక్కర్లేదు. పెద్దాసుపత్రి ల్యాబు తెరిచే ఉంది, పాతది ఆపేసి అక్కడ ఒక్కసారి రక్తం ఇవ్వండి. అంకె తగ్గిందని నేను చూసి చెప్పాక కొత్తది మొదలుపెట్టాలి. రెండూ కలిపి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకూడదు."

"ఆహారంలో ఏం మానాలి?"

"ఏమీ మానక్కర్లేదు. ఆకుకూరలు హాయిగా తినండి."

"ఐదేళ్లుగా ముట్టలేదు."

అటు నుంచి ఒక నవ్వు వినబడింది. "అయ్యో, మానేయమని ఎవరన్నారు అంకుల్? రోజూ ఒకే మోతాదులో తింటే చాలు. ఒకరోజు బుట్టెడు, ఒకరోజు సున్నా అయితేనే ఇబ్బంది. పెద్దాయన చెప్పలేదా?"

చెప్పే ఉంటాడు. సగం విని సగం నియమం చేసుకునే అలవాటు నాకు ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఐదేళ్ల పుంటికూర ఆ ఒక్క నవ్వులో పోయింది.

"ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి," అంది ఆమె. "ఇది సాయంత్రం కడుపు నిండా భోంచేశాకే వేసుకోవాలి. ఏదో బిస్కెట్టు తిని కాదు. అన్నం తినాలి. లేకపోతే ఒంటికి పూర్తిగా పట్టదు."

"అలాగే," అన్నాను. అన్నం కూడా ఒక షరతు అవుతుందని నాకప్పుడు తట్టలేదు.

రక్తం ఇచ్చి, ఆమె సరేనన్నాక మారాను. కొత్త మాత్ర ధర పాతదానికి ఎన్నో రెట్లు. జీతం లేదు. ఉన్నదాంట్లో ముందు మాత్రలు కొన్నాను, మిగిలినదాంతో బియ్యం. వంట నాకు రాదు. అన్నం అడుగంటించడం, టీ కాచడం వచ్చు. తినాలని చెప్పే మాత్ర కొనడానికి తిండి తగ్గించాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే ఎవరో తెలివి లేనివాడి కథలా ఉంది. అప్పుడు క్రమశిక్షణలా అనిపించింది.

మొదటి వారం పక్కింటామె గిన్నెతో పప్పు పంపింది. స్టీలు గిన్నె, అంచున చిన్న సొట్ట. గుమ్మంలో పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి కేకేసింది: "సావుకారీ! గిన్నె వెట్టిన. అమ్మ ఊర్లున్నది, ఏం తింటున్నరో ఏమో."

తీసుకున్నాను. నా గుమ్మంలోకి వచ్చిన తిండి, దానికి బదులు నేను చక్కెర వేసి పంపుతాను, అది ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప ఒకరి ఇంట్లో తినడం కాదని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. అన్నంలో ఆ పప్పు కలుపుకుని తిని, మాత్ర వేసుకుని, గిన్నె తోమి, నాలుగు చెంచాల చక్కెర వేసి వాళ్ల గుమ్మంలో పెట్టాను. ఇలా వారం నడిచింది. చక్కెర అయిపోయింది. టీపొడి వేశాను. టీపొడి తగ్గింది. రెండు రోజులు పిడికెడు బియ్యం వేశాను. ఆ తరవాత డబ్బాలన్నీ తెరిచి చూశాను. అడుగున మిగిలిన బియ్యం నా గంజికే సరిపోవాలి, గిన్నెలో వేయడానికి ఏమీ లేదు; తోమిన గిన్నె నా దగ్గరే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ఇంకో గిన్నెతో వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇవాళ ఒక్కపొద్దమ్మా."

"సోమారం గదా, శివునికా? సరె సరె." గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటి రోజు మళ్లీ వచ్చింది. "ఇయ్యాల గూడ ఒక్కపొద్దేనా? మంగళారం హన్మండ్లుకా?"

"అవును."

"బుధారం ఎవ్వలికుంటరు సావుకారీ? బుధారం దేవుడెవ్వలో నాకెర్క లేదు, జర చెప్పుండ్రి, నేను గూడ మొక్కుకుంట."

"లోకం బాగుండాలని మొక్కుకున్నాను. అన్ని రోజులూ."

ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూసింది. ముక్కు మీది చీర కొంగు సరిచేసుకుంది. "మీరొక్కలే లోకమంతటికి ఉపాసముంటె మేమెందుకు తినుడు ఇగ?" అని గొణుగుతూ పోయింది.

ఆ రోజుల్లో పెద్ద రోడ్డు మీద ఎవరో దాతలు ఖిచిడీ పంచేవాళ్లు. ఒక మధ్యాహ్నం టిఫిను డబ్బా చొక్కా కింద పెట్టుకుని అంతదాకా నడిచాను. సున్నంతో గీసిన గుండ్రాల్లో మనుషులు నిలబడి ఉన్నారు. గరిటె పోసే ప్రతిసారీ ఒకతను ఫోన్ ఎత్తి ఫొటో తీస్తున్నాడు. తీసుకునేవాడు తల ఎత్తాలి, లేకపోతే మళ్లీ పోసినట్టు నటిస్తున్నారు. నాకు నాలుగు గుండ్రాల దూరంలోనే నా మడత విభాగంలో పనిచేసే అతను తల ఎత్తి నిలబడి ఉన్నాడు. అతను నన్ను చూశాడో లేదో తెలియదు. నేను వెనక్కి తిరిగాను. డబ్బా ఖాళీగా వెళ్లింది, ఖాళీగా వచ్చింది.

రోజుకు ఒక పూట, పొద్దున, గుప్పెడు బియ్యం గంజిలా కాచుకుని ఉప్పుతో తాగేవాణ్ణి. సాయంత్రం సరిగ్గా ఏడింటికి మాత్ర. దాంతో పాటు పాలు లేని టీ, ఉంటే ఒక బిస్కెట్టు. మాత్ర ఒక్క రోజు తప్పలేదు. డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది. కానీ మాత్ర నా చేతిలో ఉన్నది, అన్నం ఇంకొకరి చేతిలో ఉన్నది. చేతిలో ఉన్నదాన్ని నిష్ఠగా చేస్తే రెండోది దానంతటదే మన్నింపబడుతుందని మనసులో ఏదో ఒక మూల అనుకున్నాను. లెక్క తప్పని మనిషిని రోగం కూడా గౌరవిస్తుందని అనుకున్నాను.

నా భార్య రోజూ ఫోన్ చేసేది. "తిన్నరా?"

"తిన్నాను."

"ఏం తిన్నరు?"

"పప్పు."

"ఏం పప్పు?"

అక్కడ ఎప్పుడూ ఫోన్ సిగ్నల్ పోయేది. నేనే పోగొట్టేవాణ్ణి.

అది మధ్యాహ్నం, మూడు దాటి ఉంటుంది. నిలబడి టీ తాగుతున్నాను. గ్లాసు నా కుడి చేతిలోంచి జారింది. జారిందని నాకు తెలియలేదు, నేల మీద పడ్డ చప్పుడు విని కిందికి చూశాను. గాజు పెంకుల మీద టీ, దాని పైన నా చెయ్యి వేలాడుతోంది. వేళ్లు మూయమని చెప్పాను. అవి నావి కానట్టు ఊరుకున్నాయి. పెదవి ఒక వైపు జారింది. గోడ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాను. భయంతో నాకు గుర్తొచ్చింది దేవుడు కాదు. బాపు చొక్కా మీది అన్నం మెతుకులు.

గ్లాసు చప్పుడుకు పక్కింటామె వచ్చింది. దూరం పాటించమన్న నియమం ఆమెకు గుర్తు రాలేదు, నేరుగా లోపలికి వచ్చేసింది.

"సావుకారీ! ఏమైంది? గిట్ల గూసున్నరేంది?"

చెప్పబోయాను. నోట్లోంచి ఏదో చప్పుడు వచ్చింది, మాట కాదు. ఆమె తలుపు దగ్గరికి పరుగెత్తి భర్తను కేకేసింది. అతను ఒక ఆటో మాట్లాడుకొచ్చాడు. పావుగంటలో, ఆటోలో ఉండగానే, నా వేళ్లు కదిలాయి. మాట కూడా వచ్చింది. మొదట అన్న మాట, "నాకేం కాలేదు, వెనక్కి తిప్పండి." ఆమె డ్రైవరుతో హిందీలో, ముసలాయన మాట వినొద్దు, పోనియ్యి అంది. నన్ను ముసలాయన అన్న మొదటి మనిషి ఆమె.

ఆసుపత్రిలో ముందు ముక్కులో పుల్ల పెట్టి కరోనా పరీక్ష, ఆ తరవాత తల స్కాను. డాక్టరమ్మ నిలువెల్లా ప్లాస్టిక్ తొడుక్కుని వచ్చింది. కళ్లు మాత్రమే కనబడ్డాయి. మెదడుకు పోయే రక్తం కాసేపు ఆగి మళ్లీ నడిచిందనీ, ఇది హెచ్చరిక అనీ, వేళ్లకు పూర్తి పట్టు రావడానికి సమయం పడుతుందనీ, మళ్లీ వస్తే పూర్తిగా రావచ్చనీ చెప్పింది.

"మాత్ర వేసుకుంటున్నారా అంకుల్?"

"ఒక్క రోజు తప్పలేదు."

"అన్నం తిన్నాకే కదా?"

నేను గోడ వైపు చూశాను. వెనక నిలబడిన పక్కింటామె అందుకుంది.

"గాయినెకు దినాం ఒక్కపొద్దేనమ్మా. ఒక్క దేవున్ని గూడ ఇడువలే."

"ఒక్కపొద్దు అంటే?" డాక్టరమ్మ నన్నే అడిగింది. ఆమె వైపు ఆ మాట లేదనుకుంటాను.

"ఉపవాసం," అన్నాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇర్వై రెండొద్దులు," అంది పక్కింటామె. "నేను లెక్కవెట్టిన."

తల తిప్పి చూశాను. ఆమె గొంతులో భక్తి లేదు, వెటకారం కూడా లేదు. ఎవరు నా ఒక్కపొద్దును నమ్మారనుకున్నానో ఆమె మొదటి రోజు నుంచి లెక్కపెడుతూ కూర్చుంది.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. తరవాత మెల్లగా చెప్పింది. "దీనివల్లే ఇలా అయిందని నేను కచ్చితంగా చెప్పలేను. కానీ ఖాళీ కడుపుతో ఆ మాత్ర వేసుకుంటే మీరు పూర్తిగా వేసుకున్నట్టు కాదు. ఒంటికి పట్టినంతే పట్టింది, మిగతాది దండగ."

"తిండితో పని లేని మాత్ర లేదా?"

"ఉంది. రెండు పూటలా వేసుకోవాలి. ఇప్పుడు ఏ షాపులోనూ దొరకట్లేదు. సరుకు రాగానే దానికి మారుద్దాం. అందాకా ఇదే."

"అలాంటిది ఉందని ముందే చెప్పలేదేం?"

"మీరు తినట్లేదని ముందే చెప్పలేదేం?"

ఆమె పక్కింటామె వైపు తిరిగింది. "ఈయన రోజూ సాయంత్రం మీ ముందే తినాలి, ఆకుకూరైనా సరే. మీ ముందే మాత్ర వేసుకోవాలి. మీ పూచీ."

"అట్లనే అమ్మ. తినకుంటె ముక్కు వట్టుకొని పెడ్త."

బాపు కళ్లు మూసుకోవడం నాకు కనబడింది.

రెండు రోజులుంచుకుని పంపించారు. ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం గిన్నె నా గుమ్మంలోకి రాలేదు. ఆమె తన గుమ్మంలో పీట వేసి పిలిచింది.

"ఈడ గూసుండి తినుండ్రి."

"గిన్నెలో పంపండి, ఇంట్లో తింటాను."

"మీ ఇంట్లకు పంపితె తిన్నరో, కుక్కకేసిన్రో నాకెట్ల దెలుస్తది? డాక్టరమ్మ నాకు జెప్పింది, మీకు గాదు."

వసారా పొడవునా తలుపులు తెరిచి ఉన్నాయి. ఎవరూ చూడటం లేదు. చూడకుండా ఉండటానికి వాళ్లు ఎంత కష్టపడుతున్నారో కనబడుతోంది. అది చూడటం కన్నా హీనం. కుడి చేతి వేళ్లకు ఇంకా పట్టు రాలేదు. అటు పీట, ఇటు బాపు మంచం. రెండింటి మధ్య ఏదో ఒకటి ఎంచుకోమంటే మనిషి పీటే ఎంచుకుంటాడు. అందులో గొప్పేం లేదు. కూర్చున్నాను.

కంచంలో అన్నం, పక్కన పుంటికూర పప్పు. నా చెయ్యి ఆగింది.

"తినుండ్రి. ఆకుకూర దింటె ఏం గాదని డాక్టరమ్మనే జెప్పింది గదా."

"మా ఇంట్లో ఐదేళ్లుగా ఇది వండలేదు."

"మీ ఇంట్ల వండలే," అంది ఆమె. "అమ్మ మాత్రం బేస్తారం బేస్తారం మా ఇంట్ల దింటది. మీరు డ్యూటీకి వోయినంక. ఇంట్ల వండితె మీకు పానం గుంజుతదని."

ప్రతి గురువారం! ఐదేళ్లు నా కోసం నా భార్య కూడా మానేసిందనుకున్నాను. ఆ సంగతి నలుగురికీ గొప్పగా చెప్పాను కూడా. కలిపిన ముద్ద నోటికి చేరకముందే వేళ్ల సందుల్లోంచి సగం కంచంలో పడింది. రెండో ముద్ద చిన్నగా చేశాను. పులుపు నాలుకకు తగిలింది. చాలా బాగుంది. చేదుగా ఉంటే సుఖంగా ఉండేది. అంత బాగుండటం నేను క్షమించలేకపోయాను.

తిన్నాక ఆమె ముందే మాత్ర వేసుకున్నాను. "నోరు తెరువుండ్రి" అంది. తెరవలేదు. దేనికైనా ఒక హద్దు ఉండాలి కదా.

ఇలా రోజూ నడిచింది. తినేటప్పుడు ఆమె భర్త నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. తక్కువ మాట్లాడే మనిషి. వాళ్ల బియ్యం కూడా తరుగుతున్నాయని నాకు తెలుసు. ఆ గదుల వాళ్లంతా ఉన్నది ఉన్నట్టు కలిపి వండుకుంటున్నారని, నాకు పెట్టేది ఆ అందరిదీ అని తరవాత తెలిసింది. ఆ ఇబ్బంది మీద ఒకరోజు నేను కంచం ముందు ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"మా తాత రోజుల్లో మీవాళ్లందరికీ మా అరుగు మీద ఇలాగే పెట్టేవాళ్లం," అన్నాను. తింటున్నది దానం కాదని, పాత బాకీ తీరుతోందని నాకు నేను చెప్పుకోవాలి కదా.

అతను తల ఊపాడు. "అవ్, మా తాత చెప్తుండె. పండుగ నాడు. ఆ దినం కూలి కోస్తుండిరట గదా."

"ఏమిటి?"

"తిన్న దినం కూలి ఇయ్యకపోదురట. ఇంట్ల ఎందరు దింటె గంత కోత."

"అబద్ధం," అన్నాను. నా గొంతు వసారా చివరి దాకా వెళ్లింది.

అతను తొణకలేదు. "నేను జూసిన్నా సావుకారీ? తాత చెప్పిండు. ఇంగొ మాట గూడ చెప్తుండె, అన్నం మాత్రం శాన మంచిగుండెనట."

ఆమె భర్తను కసిరింది. "తినేటోని ముందట గా ముచ్చట ఇప్పుడే చెప్పాల్నా? మీరు తినుండ్రి సావుకారీ, గాయినెకు పని లేక నోరు దురద వెడ్తుంది."

కంచం వదిలి లేవచ్చు. బాపు ఉంటే లేచేవాడు. తాత అయితే అసలు కూర్చునేవాడు కాదు. ఏడు కావస్తోంది. కంచంలో ఇంకా సగం ఉంది. మాత్ర చొక్కా జేబులో ఉంది. మిగతా సగం కూడా తిన్నాను. నా జన్మలో అంత కష్టపడి ఏదీ మింగలేదు, ఆసుపత్రిలో కూడా.

ఆ రోజు నేనే భార్యకు ఫోన్ చేశాను. ఆమెదీ అదే ఊరు. అన్నం పెట్టిన రోజు కూలి కోసేవాళ్లా అని అడిగాను.

"గది ఊరందరికెర్కనే," అంది. "మీకెవ్వలు చెప్తరు?" ఒక క్షణం ఆగి, "ఇయ్యాల తిన్నరా?" అని అడిగింది.

"తిన్నాను."

"ఏం దిన్నరు?"

"పుంటికూర పప్పు."

ఈసారి సిగ్నల్ నేను పోగొట్టలేదు.

నెల దాటాక షాపులు కాస్త కాస్త తెరిచారు. ఒకరోజు డాక్టరమ్మ ఫోన్ చేసి ఆ మూడో మాత్ర వచ్చిందని చెప్పింది. పొద్దునొకటి, సాయంత్రమొకటి. తిన్నా సరే, తినకపోయినా సరే. పాతది వేసుకోవాల్సిన సమయానికి దీన్ని మొదలుపెట్టమంది. "అలాగని తినడం మానకండి అంకుల్," అని నవ్వింది. మిల్లు కూడా సగం మందితో మొదలైంది. చేతిలో కాస్త డబ్బు ఆడింది. నేను మాత్రలు కొన్నాను, కిలో చక్కెర కొన్నాను.

సొట్ట గిన్నె ఒకటి ఆ మొదటి రోజుల నుంచి నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని తోమి, తుడిచి, అంచుల దాకా చక్కెర పోశాను. గుట్టగా పోశాను. సాయంత్రం కొత్త మాత్ర నా గదిలోనే, ఖాళీ కడుపుతో, నీళ్లతో వేసుకున్నాను. గొంతులోంచి అది దిగుతుంటే ఇన్నాళ్లకు నా ఇంటికి నేను తిరిగి వచ్చినట్టు అనిపించింది. వెన్ను నిటారుగా పెట్టుకుని ఆమె గుమ్మం దగ్గరికి వెళ్లాను. పీట వేసి ఉంది. నేను కూర్చోలేదు.

"మాత్ర మారింది," అన్నాను. "దీనికి అన్నంతో పని లేదు. ఇక మీకు శ్రమ అక్కర్లేదమ్మా. ఇదిగో మీ గిన్నె."

ఆమె గిన్నె వైపు చూసింది, చక్కెర గుట్ట వైపు చూసింది. తీసుకుని లోపలికి వెళ్లింది. చక్కెర డబ్బాలో పడుతున్న చప్పుడు వినబడింది. నేను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను.

"సావుకారీ, ఆగుండ్రి."

అదే గిన్నె నా చేతిలో పెట్టింది. అడుగు వేడిగా ఉంది. పుంటికూర పప్పు.

"అన్నంతో పని లేదన్నాను కదా."

"మాత్రకు లేదన్నరు," అంది. "నాకు ఆ ముచ్చట ఎందుకు? మీరు గిన్నె ఇచ్చిన్రు. మా గడప నుంచి ఉత్త గిన్నె వోదు. మా అవ్వ నేర్పింది, ఆమెకు వాళ్లవ్వ నేర్పింది."

అది మా ఇంటి నియమమని అరవై ఏళ్లు అనుకున్నాను. మా తాత పెట్టాడని, మాలాంటి ఇళ్లకే ఉంటుందని. కూలి కోయించుకుని మా అరుగు మీద తిన్న ఇంట్లో కూడా అదే నియమం, అంతే పాతది, అంతే గట్టిది. తిరిగి ఇవ్వబోయాను. చెయ్యి ముందుకు పోలేదు. ఈసారి అది జబ్బు కాదు.

గది తలుపు దగ్గరగా వేసుకుని, పొద్దుటి చల్లన్నంలో ఆ పప్పు కలుపుకున్నాను. ఆ మాత్రకు దానితో అవసరం లేదు. నన్ను చూసేవాళ్లు లేరు. తినకపోతే ముక్కు పట్టుకుంటామనేవాళ్లూ లేరు. చూపుడు వేలు ఇంకా సరిగ్గా వంగడం లేదు. ముద్దలు చిన్నవిగా చేసుకుని, రేపు ఈ గిన్నెలో ఏం వేసి పంపాలా అని ఆలోచిస్తూ, అడుగంటా తిన్నాను.